తలుపు తట్టని ఊరు

పడుచువాళ్లకి గుట్టుగా వైద్యం చేయడానికి ఉన్ని గుడారం వేయమన్న మనిషి ఎవరో నాకు తెలియదు. జిల్లా కేంద్రంలో కుర్చీలో కూర్చుని చెప్పి ఉంటాడు. పుట్టడం వాడూ గుడారంలోనే పుట్టి ఉంటాడు. మేడ ఎక్కాక మరిచిపోయాడు.

మా ఊరి ఆసుపత్రి కప్పు వసంతకాలపు గాలికి లేచిపోయింది. దాన్ని బాగుచేసేదాకా పక్కన ఖాళీ నేలలో తెల్లటి గుడారం వేశారు. దాని చెక్క తలుపుకి నారింజ రంగు పూసి, పైన ‘యువజన ఆరోగ్య కేంద్రం’ అని బోర్డు పెట్టారు. పెళ్లి కానివాళ్లు కూడా రావచ్చు, పేరు చెప్పనక్కర్లేదు, ఎవరికీ తెలియనివ్వం అని దాని కింద చిన్న అక్షరాలు.

నేను ఆ గుడారానికి పొయ్యి మనిషిని. ఎండు పేడా బొగ్గూ తెచ్చిపెట్టడం, మంట ఆరకుండా చూడడం, బూడిద ఎత్తిపోయడం నా పని. పేరు గొంబో. భార్య లేదు.

మా దగ్గర తలుపు తట్టరు. తడితే ఇంటివాళ్ల మీద నమ్మకం లేనట్టు. వచ్చేవాడు దూరం నుంచే “కుక్కని పట్టుకోండి!” అని అరుస్తాడు, తలుపు తోసుకుని లోపలికి వస్తాడు. కుక్క లేని ఇంటి ముందు కూడా అలాగే అరుస్తాడు. పొయ్యి గొట్టంలోంచి పొగ వస్తోందంటే లోపల టీ కాగుతోందని అర్థం. వచ్చినవాడికి టీ పోయాలి. ఎందుకొచ్చావని అడగకూడదు. అలాంటి చోట అలాంటి గుడారంలో రహస్యం దాచుకోమన్నారు.

డాక్టరు సోలొంగో రాజధానిలో చదువుకుని వచ్చింది. చిన్నపిల్ల. మంచం చుట్టూ తెర కట్టింది, గోడకి బొమ్మలు తగిలించింది, బల్ల మీద ఒక పెట్టె పెట్టింది. పొయ్యి మీద ఉప్పు వేసిన పాల టీ పెట్టింది, వచ్చే పిల్లలకి బెరుకు పోతుందని. పిల్లలు రాలేదు. ముసలాళ్లు వచ్చారు.

అందరికంటే ముందు వచ్చేవాడు దాష్‌జెవెగ్. ఒకప్పుడు కుస్తీలో ఏనుగు బిరుదు గెలిచినవాడు. ఇప్పటికీ తలుపులో పట్టడు, పక్కకి తిరిగి దూరాలి. లోపలికి రాగానే పెద్దలు కూర్చునే వైపు చతికిలబడేవాడు. ముక్కుపొడి సీసా తీసి అందరికీ తిప్పేవాడు. డాక్టరుకి కూడా ఇచ్చేవాడు.

“డాక్టరు తల్లీ, ఆ పెట్టెలో ఏముంది?” అని అడిగాడు ఒకరోజు.

సోలొంగో చెప్పింది. కండోమ్ అంటే ఏమిటో, ఏ జబ్బులు రాకుండా ఆపుతుందో, బడిలో పాఠంలా చెప్పింది. ముసలాళ్లు టీ గిన్నెలు పట్టుకుని శ్రద్ధగా విన్నారు.

“మా కాలంలో ఇవి లేవు,” అన్నాడు దాష్‌జెవెగ్.

“అది నీ ఇంట్లోకి తొంగి చూస్తేనే తెలుస్తుందిలే,” అన్నాడు పక్కనున్న ముసలాడు.

“నా పిల్లల్లో పనికిరానివాడు ఒక్కడున్నాడా?”

“పనికొచ్చినవాడెవడో చెప్పు ముందు.”

అందరూ నవ్వారు. దాష్‌జెవెగ్ పెట్టెలోంచి గుప్పెడు తీసి జేబులో వేసుకున్నాడు. మర్నాడు అతని తుపాకీ గొట్టానికి ఒకటి తొడిగి ఉంది. “మంచు లోపలికి పోదు,” అని అందరికీ చూపించాడు. “ప్రభుత్వం మనకి చేసిన మేలు ఇదొక్కటే.”

వాళ్లు వెళ్లాక సోలొంగో గిన్నెలు కడుగుతూ నన్ను అడిగింది. “పడుచువాళ్లు ఒక్కరూ రావట్లేదేంటి, గొంబో తాతా?”

“ఎలా వస్తారు? వాళ్ల తాతలూ తండ్రులూ అందరూ నీ దగ్గరే ఉన్నారుగా.”

“రావద్దని ఎలా చెప్పను? పెద్దవాళ్లు.”

“టీ మానెయ్.”

“మర్యాదగా ఉండదు.”

“అయితే గిన్నెలు కడుక్కో.”

ఆ మాటకి కోపం వచ్చి మర్నాడు లోపల గడియ వేసుకుంది. గడియ వేసిన గుడారం మా ఊళ్లో ఎవరూ చూడలేదు. దాష్‌జెవెగ్ పిలిచాడు, పలకలేదు. బొగ్గు పొగకి లోపల స్పృహ తప్పి ఉంటుందని భుజంతో తలుపు విరగ్గొట్టాడు. దుప్పటి కప్పి ఎత్తుకుని బయటికి తెచ్చాడు. ఆమె కాళ్లు గాలిలో తన్నుకుంటుంటే “బతికే ఉంది! బతికే ఉంది!” అని ఏడ్చినంత పని చేశాడు. మంచివాడు. అదే వచ్చిన చిక్కు. ఆ తలుపు నేను బిగించాల్సి వచ్చింది.

ముసలాళ్లు పాలు పితికే వేళకి లేచి ఇళ్లకి వెళ్తారు. అలాంటి ఒక సాయంత్రం బొగ్గు లారీ ఒకటి గుడారం దగ్గర ఆగింది. డ్రైవరు దిగి లోపలికి వెళ్లాడు. పేరు తొగొల్దర్. నేను గోడ అవతల ఎండు పేడ పేరుస్తున్నాను. ఉన్ని గోడ గాలిని ఆపుతుంది, మాటని ఆపదు. వాడికి మూత్రంలో మంట, చీము. సోలొంగో సూది వేసింది, మాత్రలిచ్చింది. తర్వాత అడిగింది.

“నీతో ఉన్న అమ్మాయికి చెప్పావా?”

“తనకేం లేదక్కా. కడుపులో నొప్పి అంటుంది, అంతే. జ్వరం కూడా ఉందట.”

“అంతే కాదు తమ్ముడూ. నీ జబ్బు ఆమెకి అంటింది. లోపలికి పాకింది. వదిలేస్తే గర్భసంచి పాడవుతుంది, పిల్లలు పుట్టరు. చీము కడుపంతా పాకితే ప్రాణానికే వస్తుంది. రేపే పంపించు.”

“ఫోన్ చేసి చెప్తాను. కానీ వాళ్ల నాన్న...” అని వాడు ఆగిపోయాడు. “ఆయన ఇక్కడే ఉంటాడటగా ఎప్పుడూ.”

వాడు లారీ ఎక్కి గనుల వైపు వెళ్లిపోయాడు. మగవాడికి సులువు. దారిలో ఆగాడు, సూది వేయించుకున్నాడు, పోయాడు.

ఎవరి కూతురో నాకు అర్థమైంది. దాష్‌జెవెగ్ చివరి కూతురు అనూజిన్. బడి హాస్టల్ వంటింట్లో పని చేస్తుంది. బొగ్గు లారీ ఆగిన రోజుల్లో రొట్టె కోసం అంటూ రోడ్డు దాకా వెళ్లేది. నేను చూశాను. ఇంకా ఎవరు చూశారో తెలియదు.

నేను విన్నానని సోలొంగోకి చెప్పాను. ఆమె మొహం ఎర్రబడింది.

“విన్నది మరిచిపోండి.”

“మరిచిపోవడం నాకు రాదు.”

“ఎవరితోనైనా అంటే మిమ్మల్ని పనిలోంచి తీసేయిస్తాను, తాతా. నిజంగా తీసేయిస్తాను.”

“తీయించు. ఆ పిల్ల దగ్గరికి నువ్వే వెళ్లకూడదా?”

“డాక్టరు వెతుక్కుంటూ వచ్చిందంటే ఊరంతా ఎందుకని అడుగుతుంది. తనే రావాలి.”

మర్నాడు అనూజిన్ వచ్చింది. చేతిలో బూడిద బకెట్టు. గుడారం ముందు తండ్రి గుర్రం కట్టేసి ఉంది. దాన్ని చూసి ఆగింది.

“ఎవరి కోసం?” అన్నాను.

“ఎవరి కోసమూ కాదు తాతా. బూడిద పారబోద్దామని.”

“హాస్టల్ బూడిద గుంట అటు పక్కనుంది.”

“తెలుసు.” బకెట్టు కింద పెట్టింది. చల్లగాలిలో ఆ పిల్ల నుదుటి మీద చెమట. ఒక చెయ్యి పొత్తికడుపు మీదే ఉంది. “నాన్న ఎప్పుడు లేస్తాడు?”

“టీ అయిపోయాక.”

“టీ ఎప్పుడు అయిపోతుంది?”

“డాక్టరు పోస్తూనే ఉంటుంది. ఆపితే మర్యాద కాదట.”

లోపల ముసలాళ్లు గట్టిగా నవ్వారు. అందరికంటే పెద్ద నవ్వు దాష్‌జెవెగ్‌దే. అనూజిన్ బకెట్టు తీసుకుని వెళ్లిపోయింది. నడుస్తూ నడుస్తూ ఒకచోట వంగి, మోకాలి మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. మళ్లీ నడిచింది.

నా భార్య దోల్గోర్ కూడా అలాగే వంగి నిలబడేది. గర్భసంచిలో పుండు. అప్పట్లో ఊరి డాక్టరు మా అన్న. మా వైపు ఇంటి కోడలు బావగారి ముందు తల మీద టోపీ కూడా తీయదు. ఆయన ముందు బట్ట ఎలా తీస్తానంది. వేరే ఊరు తీసుకెళ్తానంటే, మీ అన్న ఉండగా ఇక్కడికెందుకని అక్కడ మాత్రం అడగరా అంది. ముదిరాక తీసుకెళ్లాం, అక్కడివాళ్లు తిప్పి పంపించారు. ఊరంతా వచ్చి, ఎంత సిగ్గున్న మనిషి అని పొగిడి పాతిపెట్టింది. ఆ పొగడ్తని నేను క్షమించలేదు. ఆమెనీ క్షమించలేదు.

ఆ మర్నాడు పొద్దున్నే పొయ్యి వెలిగించాక కొట్టంలోంచి గుర్రపు వెంట్రుకలతో పేనిన తాడు తెచ్చాను. గుడారం తలుపు ముందు రెండు కర్రలు పాతి తాడు బిగించాను. దానికి ఎర్రగుడ్డ పీలిక కట్టాను. లోపల గట్టి జబ్బుతో మనిషి ఉందని, పరాయివాళ్లు రావద్దని దానికి అర్థం. అది మా తాతల నాటి కట్టడి. తాడుంటే ఎంతటివాడూ దాటడు. సోలొంగో లోపల మందులు సర్దుకుంటోంది, చూడలేదు. నేను చెప్పలేదు. చెబితే మర్యాద కాదంటుంది.

హాస్టల్ వంటింటి వెనక్కి వెళ్లాను. అనూజిన్ బంగాళాదుంపలు తొక్క తీస్తోంది.

“లే,” అన్నాను.

“ఎక్కడికి?”

“నీకు తెలుసు.”

కళ్లెత్తి చూసింది. ఎలా తెలిసిందని అడగలేదు. “నాన్న ఉంటాడు అక్కడ.”

“ఇవాళ ఎవరూ రారు. నడు.”

తాడు దగ్గరికి రాగానే ఆ పిల్ల కూడా ఆగిపోయింది. తనూ ఈ ఊరి పిల్లే కదా.

“తాడుంది తాతా. లోపల జబ్బు మనిషి ఉంది.”

“కట్టింది నేనే. జబ్బు మనిషి నువ్వు వెళ్తేనే ఉంటుంది.”

“దాటితే కీడు.”

“దాటకపోతే ఏమవుతుందో లారీవాడు నీకు చెప్పాడా లేదా?”

తల దించుకుంది. చెప్పినట్టున్నాడు. వంగి తాడు కింద నుంచి దూరింది. నొప్పికి చిన్నగా మూలిగింది. తలుపు తోసుకుని లోపలికి వెళ్లింది.

కాసేపటికి దాష్‌జెవెగ్ గుర్రం దిగాడు. “కుక్కని పట్టు...” అని అరవబోయి సగంలో నోరు మూశాడు. ఎర్రగుడ్డ చూశాడు.

“గొంబో. ఎవరు లోపల?”

“జబ్బు మనిషి.”

“ఏం జబ్బు?”

“నేను పొయ్యి మనిషిని. నాకేం తెలుసు.”

నేను చేసిన పొరపాటు అదే. అది తర్వగల కాలం. బొరియల్లో బతికే ఆ బలిసిన జంతువులు చలికి ముందు కొవ్వు పట్టి ఉంటాయి. వాటి మాంసం తిన్నా, తోలు ఒలిచినా ప్లేగు అంటుతుందని వేటని నిషేధించారు. ఆ కాలంలో ఆసుపత్రి ముందు తాడు కనబడితే ఊళ్లో ఎవరైనా ఒకటే అనుకుంటారు. నేను ఆలోచించలేదు.

ముసలాళ్లు ఒక్కొక్కరే వచ్చి తాడుకి దూరంగా నిలబడ్డారు. కాసేపట్లో ఊరు కదిలింది. బడి కిటికీలు మూశారు. ఊరి అధికారి జిల్లాకి ఫోన్ చేసి, రోడ్డుకి అడ్డంగా జీపు పెట్టించి, మొహానికి గుడ్డ కట్టుకుని వచ్చాడు. ఆయన వెనకాలే హాస్టల్ వంటమనిషి పరుగెత్తుకొచ్చింది.

“అనూజిన్‌ని ఈ గొంబోయే తీసుకొచ్చాడు! దానికి రాత్రి నుంచీ ఒళ్లు కాలిపోతోంది! నా దుంపలన్నీ అదే తొక్క తీసింది, ఇప్పుడు పిల్లలకి ఏం పెట్టాలి?”

దాష్‌జెవెగ్ నేల మీద కూలబడ్డాడు. అంత మనిషి కూలబడితే నేల చప్పుడైంది.

“నేనే చంపాను,” అన్నాడు. “పోయిన వారం తర్వగని కొట్టుకొచ్చాను. నాకు పనుందని నా చేతిలో కత్తి తీసుకుని అదే ఒలిచింది. నా బిడ్డే ఒలిచింది.”

అతని చుట్టూ ఉన్నవాళ్లు వెనక్కి జరిగారు. రోజూ అతని ముక్కుపొడి పీల్చేవాళ్లే. ఒకడు తన ముక్కు తుడుచుకున్నాడు, ఒకడు అరచేతులు కోటుకి రాసుకున్నాడు.

“వేట నిషేధమని నీకు తెలియదా?” అన్నాడు అధికారి గుడ్డ వెనక నుంచి.

“తెలుసు. జైల్లో పెట్టు. ముందు నన్ను లోపలికి పోనీ. నాకెలాగూ అంటుకునే ఉంటుంది. దాని పక్కన కూర్చుంటాను.”

“అడుగు వేశావంటే ఊరుకోను.”

అతను పాక్కుంటూ తాడు దాకా వచ్చాడు. దాటలేదు. “అనూజిన్! అమ్మా! మంచినీళ్లు తాగావా?” అని అరిచాడు.

ప్లేగు కాదని ఒక్క మాట నేను అనొచ్చు. అంటే, మరేంటని అడుగుతారు. ఏం చెప్పినా, చెప్పకపోయినా ఆ పిల్ల సంగతి బయటపడుతుంది. నోరు మూసుకుని నిలబడ్డాను. రోజూ అతని నవ్వు వింటే నాకు ఒళ్లు మండేది. ఆ రోజు అతన్ని చూస్తే జాలేసింది. జాలిపడడం నాకు అలవాటు లేదు.

తలుపు తెరుచుకుంది. సోలొంగో బయటికి వచ్చి తాడునీ జనాన్నీ చూసింది. తర్వాత నన్ను చూసింది. అర్థం చేసుకోవడానికి ఆమెకి ఎక్కువసేపు పట్టలేదు.

“ప్లేగా?” అని అరిచారు.

“కాదు. మాటకీ గాలికీ అంటుకునే జబ్బు కాదు. మీరంతా ఇళ్లకి వెళ్లండి.”

“మరి ఏం జబ్బు?” అన్నాడు అధికారి.

“నా దగ్గరికి వచ్చిన మనిషి జబ్బు. చెప్పను.”

“జిల్లాకి ఫోన్ చేశానమ్మా! వాళ్లకి ఏం చెప్పమంటావు?”

“ప్లేగు లేదని చెప్పండి.”

“ఈ తాడు కట్టిన వెధవ ఎవడు?”

“నేనే కట్టమన్నాను,” అంది సోలొంగో. అబద్ధం. నన్ను కాపాడమని నేను అడగలేదు.

దాష్‌జెవెగ్ లేచి నిలబడ్డాడు. ఆమె అతని ఛాతీ దాకా కూడా లేదు.

“డాక్టరు తల్లీ, నీ చేతి టీ తాగినవాణ్ని. నా కూతురికి ఏమైందో నాకు చెప్పు.”

“తనని అడగండి. చెప్పాలనిపిస్తే తను చెబుతుంది.”

“నేను తండ్రినమ్మా!”

“తెలుసు. అయినా చెప్పను. తను పెద్దది, తన ఒళ్లు తనది.”

అనూజిన్ బయటికి వచ్చింది. మొహం తెల్లగా ఉంది. కొంగలా ఒంటికాలి మీద బరువు వేసి తలుపు పట్టుకుని నిలబడింది. ఊరంతా ఆ పిల్ల నోటి వైపు చూసింది.

“చావవు కదా?” అన్నాడు తండ్రి.

“చావను నాన్నా. సూది వేసింది. రేపు మళ్లీ రమ్మంది.”

“దేనికి?”

దాష్‌జెవెగ్ ఇంకోసారి అడగడానికి నోరు తెరిచాడు. కూతురి మొహం చూశాడు. తాడు దాటాల్సిన పని లేకుండా దాని కర్ర ఒకటి పీకి పారేశాడు. తన గొర్రెతోలు కోటు విప్పి కూతురికి కప్పాడు. గుర్రం ఎక్కించి, కళ్లెం పట్టుకుని తను నడిచి వెళ్లాడు. మేము పక్కకి తప్పుకున్నాం. దారిలో అతను ఏమైనా అడిగాడో లేదో నాకు తెలియదు.

అధికారి మిగిలిన కర్రని నా చేతే పీకించాడు. తాడు తీసుకెళ్లి తన జీపులో వేసుకున్నాడు. ఇంకోసారి కడితే కేసు పెడతానన్నాడు.

“సూదితో జ్వరం తగ్గితే సరే,” అంది సోలొంగో ఆ సాయంత్రం. “రేపు చూడాలి. రాకపోతే కష్టం.”

“వస్తుందంటావా?”

“మీరేమంటారు?”

రాదనే అనుకున్నాను. చెప్పలేదు.

మర్నాడు గుడారం నిండిపోయింది. ఎప్పుడూ రానివాళ్లు కూడా వచ్చారు. గుట్టు తెలుసుకోవాలని అందరికీ ఆత్రం. టీ మీద టీ తాగారు. దాష్‌జెవెగ్ తన చోట కూర్చున్నాడు. ముక్కుపొడి సీసా బయటికి తీయలేదు, తీసినా ఎవరూ తీసుకునేవారు కాదేమో. జ్వరం ఎలా ఉందని ఎవరో అడిగితే “నన్నడగకు” అన్నాడు.

అప్పుడు తలుపు తెరుచుకుంది. కుక్కని పట్టుకోమని అరవలేదు. అనూజిన్ లోపలికి వచ్చి పొయ్యి పక్కన నిలబడింది. హాస్టల్ వంటింట్లో కట్టుకునే పైబట్ట ఒంటి మీద అలాగే ఉంది. గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

“నాకు డాక్టరుతో పనుంది,” అంది. “మీరందరూ బయటికి వెళ్లండి.”

మా గుడారాల్లో వచ్చిన మనిషిని ఎవరూ వెళ్లమనరు. నా వయసులో ఆ మాట నేను వినడం అదే మొదలు. గొంతు గట్టిగా లేదు. కానీ స్పష్టంగా ఉంది.

“ఇదేం పిల్లరా!” అన్నాడు ఒక ముసలాడు. “నోటి దగ్గర టీ ఉండగా లేవమంటుందా?”

సోలొంగో చేతిలో టీ గరిటె ఉంది. దాన్ని కుండలో పెట్టి మూత వేసింది.

దాష్‌జెవెగ్ లేచాడు. కూతురి వైపు చూడలేదు. “లేవండి,” అన్నాడు.

“టీ సంగతేంటి?”

“బయట తాగు.”

“గాలి కోసేస్తోంది.”

“అయితే తాగకు. లేవరా.”

ఒక్కొక్కరే గొణుక్కుంటూ బయటికి వచ్చారు. చేతుల్లో గిన్నెలు, గిన్నెల్లోంచి ఆవిరి. తలుపు పక్కనే గోడకి ఆనుకుని నిలబడబోయారు. దాష్‌జెవెగ్ ఒప్పుకోలేదు.

“ఇక్కడికి వినబడుతుంది. అవతలికి నడవండి.”

“ఎంత అవతలికి?”

“నేను చాలన్నదాకా.”

చేతులు చాచి గొర్రెల్ని తోలినట్టు తోలాడు. బూడిద గుంట దాకా తోలాడు. అక్కడ అందరూ గాలికి వీపు పెట్టి గుంపుగా నిలబడ్డారు. ఒకడు వెనక్కి తిరిగి గుడారం వైపు చూశాడు.

“నీకేమైనా జబ్బుందా?” అన్నాడు దాష్‌జెవెగ్.

“లేదే.”

“లేకపోతే అటు ఎందుకు చూస్తున్నావు?”

వాడు ఇటు తిరిగాడు. “ఎంతసేపు పడుతుంది?” అని గొణిగాడు.

నేను పొయ్యిలోకి ఎండు పేడ తీసుకుని వెళ్లాను. అది నా పని, ఎప్పుడైనా వెళ్లొచ్చు. తలుపు మీద చెయ్యి వేశాను. లోపల ఆ పిల్ల ఏదో అడుగుతోంది, సోలొంగో మెల్లగా చెబుతోంది. చెయ్యి తీసేశాను. బుట్టని గడప దగ్గర దించి, మిగతావాళ్లతో పాటు వెళ్లి గాలిలో నిలబడ్డాను.